మాట ముక్కలవుతోందా?

‘‘ఒరే నాన్నా, అన్నం తిన్నావా?’’

‘‘అమ్మా... నే... బా...’’

అంతే, లైను మూగబోయేది! బేగంపేట విమానాశ్రయంలో పిల్లల్ని అమెరికా సాగనంపిన అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్నెట్ ఫోనుకు మనదేశంలో 2002 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. ఖర్చు తగ్గింది కానీ, డయలప్ కనెక్షన్‌లో మాట సగమే చేరేది.

ఎందుకని? మాటను అంకెలుగా మార్చి పంపేది కోడెక్. జి.711 రకానికి సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. బాగా కుదించే జి.729కి 8 చాలు. మాటను ముక్కలుగా పంపుతారు కాబట్టి ప్రతి ముక్కకీ చిరునామా అంటించాలి. దానికి మరో 16. మొత్తం 80, 24 అన్నమాట. అప్పటి వి.90 మోడెం పైకి పంపగలిగింది మహా అయితే 33.6! మొదటిది పట్టదు, రెండోది పడుతుంది.

నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఇప్పటికీ ఇదే లెక్క. కోడెక్‌ల వరుస మార్చే వీలున్న ఫోన్ యాప్ వాడుతుంటే ఓపస్‌ని పైన పెట్టండి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఇది 6 కిలోబిట్ల దాకా దిగగలదు. తర్వాత జి.729. పీసీఎంయూ, పీసీఎంఏ పేర్లతో కనిపించే జి.711ని తీసేయొద్దు, అడుగున ఉంచండి. అవతలి ఫోనుకు అదొక్కటే తెలిసుండొచ్చు. వాట్సాప్ అయితే సెట్టింగ్స్‌లోని ‘స్టోరేజ్ అండ్ డేటా’లో ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ ఆన్ చేస్తే సరి.

గొంతు కాస్త పలచబడొచ్చు. ఫర్వాలేదు... ‘తిన్నానమ్మా’ అన్నమాట పూర్తిగా వినబడితే చాలదూ!