శిక్షణ గదిలో ఎవరికి కుర్చీ?

గత నెలలో మా విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలో కార్యాలయ సిబ్బందికి ఏఐ సహాయకాల వినియోగంపై రెండు రోజుల శిక్షణ జరిగింది. నిర్వహణ కమిటీలో నేనూ సభ్యుణ్ని. పాల్గొన్నవారంతా రెగ్యులర్ ఉద్యోగులే: సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు, కొద్దిమంది జూనియర్ అసిస్టెంట్లు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఫైళ్లు టైపు చేసే, స్కాలర్‌షిప్ జాబితాలు సరిచూసే డేటా ఎంట్రీ ఆపరేటర్ల పేరు ఒక్కటీ జాబితాలో లేదు. అడిగితే, వారు ఏజెన్సీ మనుషులని, వారికి శిక్షణ ఇచ్చే నిబంధన లేదని సమాధానం వచ్చింది. మొదటి రోజు ప్రొజెక్టర్ మొరాయించినప్పుడు మాత్రం వారిలో ఒకరినే పిలిపించారు. అతను వైరు సరిచేసి బయటికి వెళ్లిపోయాడు.

శిక్షకుడు ఉత్సాహవంతుడు. జూనియర్ అసిస్టెంట్ల నియామకంలో బీసీ రిజర్వేషన్ ఎంత అన్న ప్రశ్నను తెరమీద టైపు చేయించాడు. యంత్రం తడుముకోకుండా 27 శాతం అంది. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, ‘సార్, అది సెంట్రల్ లెక్క, మనది కాదు’ అన్నాడు. నిజమే. మన రెండు రాష్ట్రాల్లో బీసీలకు 29 శాతం. ఏ వర్గానికి 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. ఎస్సీ వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి చూపాక, 2025లో తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా విభజించింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా విభజించింది. ఒక్క అంకె తప్పితే ఒక అభ్యర్థి జీవితం తలకిందులవుతుంది. ఆ తప్పు పట్టుకున్న వ్యక్తి మా రోస్టర్ రిజిస్టర్ రాసే జూనియర్ అసిస్టెంట్. బ్యాక్‌లాగ్ నియామకంలో వచ్చినవాడు, తెలుగు మీడియంలో చదివినవాడు.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆయన పెట్టిన నోట్ ఫైళ్లు ఎర్రసిరాతో తిరిగివచ్చేవి. విషయంలో లోపం ఉండేది కాదు. ఆర్టికల్స్, ప్రిపోజిషన్లలో ఉండేది. ఆ ఎర్రగీతలు సెక్షన్‌లో అందరికీ వినోదం. ఈ మధ్య ఆయన తన ఫోన్‌లోని ఏఐతో ఇంగ్లిష్ సరిచేయించుకుని నోటు పెట్టాడు. ఒక్క గీత పడలేదు. కానీ సూపరింటెండెంట్ పిలిచి, ‘ఇది నువ్వు రాసిందేనా?’ అని అడిగాడు. ‘నేనే సార్, భాష మాత్రం ఏఐతో దిద్దించాను’ అంటే, ‘అదే అనుకున్నా’ అని నవ్వాడు. అదే హోదాలోని మరో ఉద్యోగిని ఆయన ‘మీరు’ అంటాడు. ఆ మరో ఉద్యోగి కూడా అదే ఏఐ వాడుతున్నాడు. అక్కడ దాని పేరు సామర్థ్యం.

ప్రతిభ అనే మాట మన కార్యాలయాల్లో ఎలా పనిచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా నేనెక్కడా చూడలేదు. ఇంగ్లిష్ చేతిలో ఉన్నంతకాలం ఇంగ్లిషే ప్రతిభ. అది అందరికీ అందుబాటులోకి వచ్చిన రోజున ‘సొంతంగా రాయడం’ ప్రతిభ అవుతుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రకటించినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినప్పుడు జరిగిన వాదోపవాదాలను పాఠకులు మరచిపోయి ఉండరు. తమ పిల్లలను కాన్వెంట్లలో చదివించినవారే నాడు మాతృభాషపై మమకారం ప్రకటించారు.

అలాగని యంత్రం మన పక్షమని నేను భ్రమపడటం లేదు. ఒక దళిత పరిశోధకుడు ఫెలోషిప్ దరఖాస్తులోని ఇంగ్లిష్‌ను దిద్దమని చాట్‌జీపీటీని అడిగితే, అది ఆయన ఇంటిపేరును కూడా ‘శర్మ’గా దిద్దిపెట్టిన ఉదంతాన్ని 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ప్రచురించింది. చదువుకున్నవాడి ఇంటిపేరు ఏమై ఉంటుందో దానికి మన రాతలే నేర్పాయి. శిక్షణలో మొదట చెప్పవలసిన పాఠం ఇది. రెండోది, విద్యార్థుల కులధ్రువీకరణ పత్రాలు, ఆధార్ నంబర్లున్న జాబితాలను తెచ్చి ఏఐ పెట్టెలో అతికించకూడదని. రెండు రోజుల్లో ఈ రెండూ ఎవరూ చెప్పలేదు. ఈమెయిలుకు మర్యాదగా జవాబివ్వడం ఎలాగన్నది మాత్రం గంటన్నర చెప్పారు.

నాకున్న అసలు భయం వేరు. మా నాన్న టైపు హయ్యర్ పాసై 1983లో తాలూకా కేంద్రంలో టైపిస్టుగా చేరాడు. మా వాడలో తొలి ప్రభుత్వ ఉద్యోగం అది. పట్నంలోని టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టడానికి మా నాయనమ్మ గేదెను అమ్మింది. కంప్యూటర్లు వచ్చాక ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి మరో టైపిస్టు రాలేదు. టైపు పని ఆగలేదు; ఇంకా పెరిగింది. ఏజెన్సీ ద్వారా వచ్చిన పిల్లల చేతుల్లోకి మారింది, అంతే. రాజ్యాంగంలోని 16(4) అధికరణ చెప్పేది నియామకాల గురించి, పోస్టుల గురించి. రోస్టర్ పాయింట్ పోస్టుకు ఉంటుంది, పనికి ఉండదు. పోస్టు లేకుండా పని జరిగిపోతే రిజర్వేషన్‌ను రద్దు చేయవలసిన అవసరమే ఎవరికీ రాదు. కోర్టుకు వెళ్లడానికి ఉత్తర్వు కూడా ఉండదు.

ఏఐ వచ్చింది కనుక ఇద్దరు జూనియర్ అసిస్టెంట్ల పని ఒకరితో సరిపోతుందని శిక్షణ ముగింపులో ఒక అధికారి అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ రెండో కుర్చీ రోస్టర్‌లో ఎవరి పాయింటో ఎవరూ అడగలేదు. నేనూ అప్పుడు అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ తిట్టుకున్నాను.

మర్నాడు రిజిస్ట్రార్ గారికి ఒక లేఖ ఇచ్చాను. తదుపరి శిక్షణలో ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్లకు చోటివ్వాలని, రోస్టర్ నిబంధనల మీద ఆ జూనియర్ అసిస్టెంట్‌తోనే ఒక తరగతి చెప్పించాలని, ఏఐ పేరిట ఏ ఖాళీనైనా భర్తీ చేయకుండా ఆపితే అది ఏ రోస్టర్ పాయింటో నోటీసు బోర్డులో పెట్టాలని కోరాను. లేఖను తెలుగులో రాశాను. ఇంగ్లిష్ ప్రతి జతచేయమని సెక్షన్‌నుంచి తిరిగివచ్చింది. ఆ జూనియర్ అసిస్టెంటే తన ఫోన్‌లో పది నిమిషాల్లో దాన్ని ఇంగ్లిష్ చేసి, ప్రతి పేరూ, ప్రతి అంకే వేలుపెట్టి సరిచూసి, నాచేత సంతకం పెట్టించుకున్నాడు. ఫైలు ఇప్పుడు సూపరింటెండెంట్ బల్ల మీద ఉంది.