ఎక్స్‌రే గదిలో మన పిల్లలు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణ ప్రజలు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోసాగిన సంగతి పాఠకులు మరచి ఉండరు. కొద్ది రోజులలోనే బాధితుల సంఖ్య 500 దాటింది. కారణం కోసం వైద్యులు చేయించిన పరీక్షలలో మెదడు సి.టి. స్కాన్ ఒకటి. అటువంటి వేళ వైద్యుని పేరు అందరూ అడుగుతారు. స్కాన్ యంత్రం దగ్గర నిలబడిన వారి సంగతి ఎవరికీ పట్టదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలనుండీ, కొల్లేటి చుట్టుపట్ల ఊళ్లనుండీ మన కుటుంబాల పిల్లలు ఇంటర్ పిమ్మట ఈ మెడికల్ ఇమేజింగ్ విద్యలో చేరుతున్నారు. కొందరు డిప్లొమా, కొందరు బి.ఎస్సీ. చదువు తేలికైనది కాదు. ఒకవైపు భౌతికశాస్త్రం, శరీర నిర్మాణశాస్త్రం. మరొకవైపు రక్తమోడుతూ వచ్చిన క్షతగాత్రుడు. చిత్రం తీయడం వరకే వారి పని, వ్యాధి ఏమిటో చెప్పడం రేడియాలజిస్టు పని. తెరపై మచ్చ కనబడుతూనే ఉంటుంది. “ఏముందమ్మా?” అని రోగి తల్లి అడిగితే పంతొమ్మిదేళ్ల పిల్ల పెదవి విప్పరాదు. ఆ మచ్చను మనసులో మోసుకుని ఇంటికి రావాలి.

మనసుపై ఒత్తిడిని కొలవడానికి 1983లో అమెరికా మనోవిజ్ఞాని షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు ఒక ప్రశ్నావళిని రూపొందించారు. గడచిన నెలలో ఎన్నిసార్లు కలత చెందారు, పనులు చేయి దాటిపోయినట్టు ఎన్నిసార్లు అనిపించింది వంటివి అందులోని ప్రశ్నలు. నేటికీ విద్యార్థుల విషయంలో దీనినే విరివిగా వాడుతున్నారు. అన్నిచోట్లా కాకపోయినా, సాధారణంగా స్త్రీల సగటే ఎక్కువగా వస్తుంది. దీనిని చూసి “ఆడపిల్లల మనసు బలహీనం” అని తేల్చేవారున్నారు. ఈ కొలత నిలబడేది మనిషి తన నోటితో తాను ఒప్పుకున్న దానిమీద. ఒప్పుకోని వాని ఒత్తిడి అందులోకి ఎక్కనే ఎక్కదు.

ముందు అమ్మాయి సంగతి చూద్దాం. ఆసుపత్రి విధులు ముగించుకుని, బస్సు మారి ఇల్లు చేరేసరికి వంటగది ఆమె కోసం ఎదురుచూస్తుంటుంది. అదే చదువు చదివే అన్నకు మాత్రం టీ చేతికి వస్తుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసును మేము పిల్లలకు చెబుతాం. దానిని ఇళ్లలోని మగపిల్లలు కూడా పాఠంగా తీసుకుంటే బాగుండును.

పెళ్లిచూపులలో వినిపించే ప్రశ్న మరొకటి ఉంది: “ఎక్స్‌రే కిరణాలు తగిలిన పిల్లకు సంతానం కలుగుతుందా?” ఈ భయంతో చదువు మాన్పించాలనుకునే తల్లిదండ్రులు ఈ నాలుగు మాటలు తెలుసుకోవాలి. మన దేశంలో ఈ వృత్తిలోని వారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్టులకు మించరాదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. ఛాతీపై ధరించే బ్యాడ్జి ఎంత తగిలిందో లెక్క చెబుతుంది. సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీసే మోతాదు ఈ పరిమితికి ఎన్నో రెట్లు పైన ఉంది. గర్భం దాల్చినట్టు తెలియజేస్తే, మిగిలిన నెలలన్నింటిలో గర్భస్థ శిశువుకు 1 మిల్లీ సీవర్టు దాటకుండా పని మార్చాలి. ఎమ్మారైలో, అల్ట్రాసౌండ్‌లో ఈ కిరణాలే లేవు. తాత్కాలిక వంధ్యత్వం విషయానికొస్తే, స్త్రీకంటే పురుషుని శరీరమే తక్కువ మోతాదుకు లోనవుతుంది. అయినా అబ్బాయిని ఈ ప్రశ్న అడిగిన వియ్యంకుణ్ణి నేను చూడలేదు!

పరపురుషుణ్ణి తాకవలసి వస్తుందన్న సంకోచం మరొకటి. చికిత్స అవసరం మేరకు, ఆ అవసరం పరిధిలోనే, అనుమతి ఉందని ఫిఖ్ పండితులు చెప్పారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను ఉంచిన గుడారం రుఫైదా (రజి) అనే వైద్య సేవకురాలిది. హిజాబ్ గురించి ఒక చిన్న మాట: ఎమ్మారై గదిలోకి లోహపు పిన్నుతో వెళ్లరాదు. పిన్ను అవసరంలేని స్కార్ఫు కుట్టిస్తే సరిపోతుంది.

ఇక అబ్బాయి. తండ్రి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో మూటలు మోసో, కొల్లేటి చేపల చెరువులపై కూలికి వెళ్లో ఫీజు కట్టి ఉంటాడు. “వీడు గల్ఫ్‌కు వెళ్తే చెల్లెళ్ల పెళ్లిళ్లు అవుతాయి” అన్న మాట రోజూ వానికి వినబడుతుంది. పరీక్ష తప్పినా, స్కాన్ బల్లపై పసివాడు కన్నుమూసినా, “బాగానే ఉన్నాను అబ్బా” అనడం తప్ప వానికి మరో మాట నేర్పలేదు. మగవాడు ఏడవరాదని మనమే చెప్పాం. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుతో కుమిలి కుమిలి కళ్లు తెల్లబడ్డాయని సూరె యూసుఫ్ తెలుపుతోంది. అదే సూరాలో అందమైన సహనం గురించి పలికినదీ ఆయనే. సహనం వేరు, నోరు కుట్టుకోవడం వేరని అర్థం కావడానికి ఆ ఒక్క సూరా చాలు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో బలవన్మరణాలకు పాల్పడినవారు 1,70,924 మంది. వారిలో పురుషులు 1,22,724. విద్యార్థులు 13,044. ఒక్కొక్క మరణానికి ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, ఒత్తిడి పట్టికలో తక్కువ మార్కులు వచ్చిన పక్షమే ఈ పట్టికలో ముందున్నది.

కనుక అమ్మాయి ఏడిస్తే చదువు మాన్పించే మాట ఎత్తకండి; ఇంటిపనిలో ఏది తగ్గించగలరో చూడండి. అబ్బాయిని “ఎలా ఉన్నావు?” అని అడిగితే జవాబు రాదు. “ఈ రోజు స్కాన్‌కు ఎవరు వచ్చారు?” అని అడిగి, పక్కన కూర్చోండి. నిద్ర పట్టకపోయినా, తిండి మానినా, బ్రతుకుపై విరక్తి మాటలు వినిపించినా ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.