వెనుకచూపు తీర్పులు

క్రొత్త వస్తువు వెలువడిన మరునాడే "ఇందేమున్నది? ఇది యెవరికి తెలియదు?" అనువారు బయలుదేరుదురు. వీధియరుగుమీద నీ మాటవలన నష్టము లేదు. పేటెంటు కార్యాలయమున నదియే తీర్పైనచో నొకని శ్రమ మట్టిపాలగును. అట్లని యడిగినవారి కెల్లరకు పేటెంటు నిచ్చినచో 20 సంవత్సరములు తక్కిన పనివారి చేతులు కట్టివేసినట్లగును.

ఈ ప్రశ్నను ఎవరి కన్నుతో చూడవలెనో 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము చెప్పియే యున్నది. న్యాయాధిపతి కన్నుతో గాదు, ఆవిష్కర్త కన్నుతో గాదు. ఆ విద్యయందు నేర్పుగల పనివాని కన్నుతో. పనసమానును తొలిచి వీణను మలచు గొల్లపల్లి శిల్పికి తేటతెల్లమైనది, వీణ వినుటయే గాని చేయుట యెరుగని బొబ్బిలి పురజనులకు అద్భుతముగా తోచును. కావున మన యాశ్చర్యమును ప్రమాణము గాదు, మన యలక్ష్యమును ప్రమాణము గాదు.

ఎలక్ట్రానిక్ డిస్‌ప్లేలనే తీసికొందము. కంటికి కనబడు నెర్రని వెలుగునిచ్చు డయోడు 1962లోనే వెలువడెను. నీలివెలుగు దొరకినగాని డయోడులతో సర్వవర్ణముల తెర సిద్ధింపదని శాస్త్రజ్ఞు లెల్ల రెరుగుదురు. ఎరిగియు, ప్రకాశవంతమైన నీలిడయోడు వెలువడుటకు 1993 వరకు కాలము పట్టెను. అందుకై కృషిచేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము లభించెను. కోరిక తేటతెల్లము, మార్గము తేటతెల్లము గాదు. ఈ రెంటిని కలగాపులగము చేయుటయే వెనుకచూపు తీర్పుల మూలదోషము.

రెండవ ప్రక్కయు చూడుడు. రైలుస్టేషనులోని వెలుగుపలకకు గడియారమును తగిలించి, పలక పలకగానే, గడియారము గడియారముగానే పనిచేయుచుండగా, ఆవిష్కరణమని చాటువానికి అదే చట్టపు 3వ సెక్షను తలుపు మూసినది. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, లేతుయంత్రముమీద లోహపాత్రలను పట్టియుంచు పద్ధతికి పొందిన పేటెంటు చెల్లదని నిర్ణయించుచు, కేవలము కార్ఖానా సవరణ ఆవిష్కరణము కాజాలదనెను.

కావున అధికారులను మేమడుగునది యిది: "తేటతెల్లము" అని వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయుడు. దరఖాస్తు తేదీకి పూర్వము ఏ గ్రంథమున, ఏ వస్తువున ఏమి యుండెను? దానికిని దీనికిని భేదమేమి? ఆ భేదమును దాటుటకు పనివానిని నడిపించునది యేది? మూడవదానికి జవాబు లేని యుత్తరువు తీర్పు గాదు, అభిప్రాయము మాత్రమే.

పాఠకులకును ఒక మాట. పేటెంటు మంజూరగుటకు పూర్వము ఎవరైనను ఆక్షేపణ దాఖలు చేయవచ్చునని 25వ సెక్షను చెప్పుచున్నది. అన్యాయమైన కోరిక కనబడినచో మన పనివారును, పఠనమందిరములును ఆ హక్కును వినియోగింపవలెను. కేకలతో గాదు, తేదీలుగల కాగితములతో.