పాత ఫోన్‌కు వైర్‌లెస్ చార్జింగ్ పెట్టుకోవచ్చా?

షావోమి తన తొలి మేడిన్ ఇండియా ఫోన్ రెడ్‌మి 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టులో విడుదల చేసింది. ధర 6,999 రూపాయలు. అది తయారైంది ఎక్కడో కాదు, మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలోనే. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అలాంటి పాత ఫోన్ ఒకటి మీ ఇంట్లో అవ్వ చేతిలోనో, బీరువా సొరుగులోనో ఉండే ఉంటుంది. కాల్స్ వస్తాయి. ఇబ్బందంతా చార్జింగ్ పోర్టుతోనే. పిన్ను కాస్త వంచి, వైరు కదలకుండా పెడితేగానీ చార్జింగ్ ఎక్కదు.

దీనికి ఆన్‌లైన్లో ఒక చిట్కా దొరుకుతుంది. దాని పేరు వైర్‌లెస్ చార్జింగ్ రిసీవర్. కార్డంత పల్చటి స్టిక్కర్, దానికో రిబ్బన్, చివర పిన్ను. స్టిక్కర్‌ను ఫోన్ వెనక అంటించి, పిన్నును పోర్టులో పెట్టి, పైన కవర్ వేస్తే సరి. ఇక ఫోన్‌ను చార్జింగ్ ప్యాడ్ మీద పెట్టడమే.

లోపల జరిగేది ఇంటర్‌లో మనం చదివిన ఫారడే సూత్రమే. ప్యాడ్‌లోని రాగి చుట్టలో కరెంటు వేగంగా దిశ మారుతుంటే, స్టిక్కర్‌లోని చుట్టలో కరెంటు పుడుతుంది. ఏ కంపెనీ ప్యాడ్ అయినా ఏ ఫోన్‌కైనా పనిచేసేలా 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం ఒక ప్రమాణం తెచ్చింది. దాని పేరు 'చీ'.

మరి స్పీడు? ఈ స్టిక్కర్ల నుంచి ఫోన్‌కు అందేది మామూలుగా 5 వాట్ల లోపే. 4 వాట్లు అనుకుందాం. రెడ్‌మి 2 ప్రైమ్‌లోని 2200 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. అదే 5000 ఎంఏహెచ్ అయితే ఆరు గంటల పైమాటే. అంటే రాత్రి పెట్టి పొద్దున తీసుకునే వాళ్లకే ఇది పనికొస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. పోర్టు పూర్తిగా పోయాక ఈ స్టిక్కర్ కొంటారు. కానీ కరెంటు ఫోన్‌లోకి వెళ్లేది ఆ పోర్టు గుండానే కదా! పోర్టు చచ్చిపోతే స్టిక్కరూ దండగే. ముందు పోర్టు మార్పించాలి. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4, ఎస్5 లాంటి కొన్నింటికి మాత్రం వెనక మూత కింద దీనికోసమే వేరే కాంటాక్టులు ఉన్నాయి. వాటికి పోర్టుతో పనిలేదు. మిగతా ఫోన్లకు ఇది మందు కాదు, ముందు జాగ్రత్త. రోజుకు రెండుసార్లు పిన్ను గుచ్చి పీకడం ఆగుతుంది కాబట్టి పోర్టు ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.

కొనేముందు మీ పోర్టు మైక్రో యూఎస్‌బీనా, టైప్ సీనా చూసుకోండి. మైక్రో యూఎస్‌బీలో వెడల్పు వైపు కొన్ని ఫోన్లలో స్క్రీన్ వైపుంటే, కొన్నింట్లో వెనకవైపు ఉంటుంది. స్టిక్కర్లూ ఆ రెండు రకాల్లో వస్తాయి. తప్పు రకం కొంటే రిబ్బన్ మెలితిరుగుతుంది. మెటల్ కవర్, వెనక అంటించే ఉంగరం, మ్యాగ్నెట్ ప్లేటు తీసేయండి. ప్యాడ్ మీద అవే ముందు కాలిపోతాయి.

అసలు సమస్య వేడి. వైరుతో పోలిస్తే ఇందులో ఎక్కువ కరెంటు వేడిగా వృథా అవుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. మే నెలలో తిరుపతి మధ్యాహ్నం 40 దాటడం మనకు కొత్త కాదు. ఎండాకాలంలో పగలు దీని జోలికి పోకండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిన ఫోన్‌కైతే అసలు పెట్టొద్దు. దానికి ముందు కావాల్సింది కొత్త బ్యాటరీ.

పోర్టు ఇంకా పనిచేస్తోందా? బ్యాటరీ బాగుందా? రాత్రంతా చార్జింగ్‌కు టైముందా? మూడింటికీ అవునంటే కొనండి. ముఖ్యంగా చీకట్లో పిన్ను ఎటు పెట్టాలో తడుముకునే అవ్వాతాతలకు ఆ కొన్ని వందలు వృథా కావు. ఒక్కదానికైనా కాదంటే, ఆ డబ్బుతో రిపేర్ షాపుకెళ్లడమే మేలు.