హద్దురాయి లేని సముద్రం

పొలం గట్టు తగాదా ఎరుగని తెలుగు పల్లె ఉండదు. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు న్యాయస్థానం మెట్లెక్కుతారు. వ్యాజ్యం ముగిసేనాటికి ఆ గట్టు విలువకు ఎన్నో రెట్లు ఖర్చయి ఉంటుంది. సూదిమొన మోపినంత నేలనైనా ఇవ్వనన్న దుర్యోధనుడి పంతం మహాభారతంతోనే ముగిసిపోలేదు. దేశాల నడుమ వివాదాలలోనూ అది తొంగి చూస్తూనే ఉంటుంది. అయితే పొలానికి హద్దురాయి పాతవచ్చు, సముద్రానికి పాతలేము. అందువల్లనే నడిసంద్రంలోని చిన్న దీవి ఎవరిదన్న ప్రశ్న తరాల తరబడి తెగక సాగుతుంది. భారత, శ్రీలంకల మధ్యనున్న కచ్చతీవు ఇందుకు తగిన ఉదాహరణ.

రామేశ్వరానికి ఈశాన్య దిశలో, పాక్ జలసంధిలో ఉన్న ఈ దీవి విస్తీర్ణం సుమారు 285 ఎకరాలు. అక్కడ తాగునీరు లేదు, స్థిరనివాసులు లేరు. ఉన్నదల్లా పునీత అంతోనివారి చర్చి ఒక్కటే. ఏటా అక్కడ జరిగే ఉత్సవానికి రామేశ్వరం నుండి, జాఫ్నా నుండి తమిళ మత్స్యకారులు పడవలలో తరలివస్తారు. వారి భాష ఒకటే, వృత్తి ఒకటే. దేశాలు మాత్రం వేరు.

ఈ దీవి తమ జమీలోనిదని రామనాథపురం జమీందారులు చెప్పుకొనేవారు. 1921లో మద్రాసు, సింహళ ప్రభుత్వాల మధ్య చర్చలు జరిగినపుడు సింహళం ఈ దీవి తనదేనని వాదించింది. స్వాతంత్ర్యానంతరం కూడా వివాదం కొనసాగింది. చివరకు 1974లో ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంతో కచ్చతీవు శ్రీలంకకు చెందింది. భారత మత్స్యకారులు, యాత్రికులు వీసా లేకుండానే దీవికి వెళ్లిరావచ్చునని అందులో పేర్కొన్నారు. కాని 1976 నాటి మరొక ఒప్పందంతోపాటు ఇచ్చిపుచ్చుకున్న లేఖలు, ఒక దేశపు జలాలలో మరొక దేశంవారు చేపలు పట్టరాదని స్పష్టం చేశాయి. దీవికి వెళ్లే వెసులుబాటు మిగిలింది. దాని చుట్టూ వల వేసే హక్కు పోయింది. రెండు ప్రభుత్వాలు నేల సంగతి తేల్చుకున్నాయి. నీటిపై బతికేవారి సంగతి మరిచాయి.

పార్లమెంటు ఆమోదం లేకుండా దేశభూభాగాన్ని వదులుకోవడం చెల్లదని విమర్శకుల వాదన. ఇతర దేశానికి భూభాగాన్ని ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ అవసరమని బేరుబారి వ్యవహారంలో 1960లో సుప్రీంకోర్టు చెప్పిన అభిప్రాయాన్ని వారు గుర్తు చేస్తారు. ఈ వాదనను తేలికగా కొట్టివేయలేము. 2024 ఎన్నికలలో ఈ అంశం మళ్లీ చర్చకు వచ్చింది. దీవిని తిరిగి పొందాలని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ తీర్మానించింది. అదే ఏడాది సెప్టెంబరులో శ్రీలంక అధ్యక్షుడు దిసనాయకే స్వయంగా కచ్చతీవును సందర్శించారు. తీర్మానాలు, పర్యటనలు సాగుతున్నాయి. మత్స్యకారుల అరెస్టులు మాత్రం ఆగడం లేదు.

అయితే తప్పంతా ఒక్క వైపే లేదు. 1983 నుండి 2009 వరకు శ్రీలంకలో సాగిన అంతర్యుద్ధం వల్ల ఉత్తర లంక తమిళులు స్వేచ్ఛగా వేటకు వెళ్లలేకపోయారు. ఆ కాలంలో భారత తీరపు మరబోట్లు ఆ జలాలకు అలవాటుపడ్డాయి. యుద్ధం ముగిసి సముద్రంలోకి వచ్చిన జాఫ్నా మత్స్యకారుల వలలను ఆ మరబోట్లు తెంపివేస్తున్నాయి. కడలి అడుగును ఊడ్చివేసే ఆ వేట చేపపిల్లలనూ మిగల్చదు. శ్రీలంక దానిని 2017లో నిషేధించింది. రేపు దీవి భారతదేశానికి వచ్చినా, అడుగంటిన సముద్రం ఎవరి వలను నింపగలదు?

వివాదాస్పదమైన నేలే మాయమైన సందర్భమూ ఉంది. 1970 నాటి పెనుతుపాను తరువాత హరియాభంగ నదీముఖాన ఒక ఇసుక దీవి పైకి తేలింది. భారతీయులు దానిని న్యూమూర్ అన్నారు. బంగ్లాదేశ్‌వారు దక్షిణ తాళపట్టి అన్నారు. 1981లో భారతదేశం అక్కడికి నౌకను పంపి జెండా ఎగురవేసింది. ఆ దీవి సముద్రంలో మునిగిపోయిందని 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2014లో హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయపీఠం సముద్రపు హద్దును నిర్ణయించింది. వివాద జలాలలో అధికభాగం బంగ్లాదేశ్‌కు దక్కినా భారతదేశం ఆ తీర్పును గౌరవించింది. అది ఓటమి కాదు, విజ్ఞత.

నేల ఎవరిది, దానిపై హక్కులెవరివి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. సికింద్రాబాదు చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ నగరంలో నేల నిజాముది. అధికారం మాత్రం చిరకాలం బ్రిటిష్‌వారిది. అక్కడ ఆ ఏర్పాటును సైనికబలం తెచ్చింది. దీవి ఒకరిదైనా, దాని చుట్టూ బతికే హక్కు ఇరువురికీ దక్కే ఏర్పాటును సామరస్యం ఎందుకు తేలేదు?

సముద్రానికి దూరంగా నివసించేవారికి ఇది పరాయి గొడవగా తోచవచ్చు. కాని 2018 చివరలో పొట్టకూటికై గుజరాత్ తీరానికి వలసవెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేటలో ఉండగా పాకిస్తాన్‌కు బందీలయ్యారు. సర్ క్రీక్ వివాదం తేలనందున అక్కడ సముద్రపు హద్దు నేటికీ ఖరారు కాలేదు. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యేదాకా శ్రీకాకుళం, విజయనగరం తీరాలలోని ఇళ్లు ఎదురుచూపులతోనే గడిపాయి.

కాబట్టి కావలసినది దీవిపై పంతం కాదు, కడలిపై ఒప్పందం. వినాశకరమైన వేటను మాన్పించాలి. లోతు సముద్రపు వేటకు మళ్లించే ప్రయత్నాలను వేగవంతం చేయాలి. దారితప్పిన మత్స్యకారుని నేరస్థునిగా చూడరాదు. ఇరుతీరాల వారిని ముఖాముఖి కూర్చోబెట్టి వేటరోజులను నిర్ణయించాలి. అంతోనివారి ఉత్సవంలో పక్కపక్కన మోకరిల్లగలిగినవారు పక్కపక్కన వల వేయలేరా? పటంపై గీత గీయడానికి ఇద్దరు నాయకుల సంతకాలు చాలు. ఆ గీతకు ఇరువైపులా బతుకులు నిలబడాలంటే మాత్రం ఆ బతుకులు బతికేవారి మాట వినాలి.