వర్ణపటం నల్లబోర్డు మీదేనా?

మన పల్లెల నుంచి బస్సెక్కి డిగ్రీ కాలేజీకి పోయి రసాయన శాస్త్రం చదివే పిల్లలు లేబొరేటరీలో చేసేదేమిటి? బ్యూరెట్టు పట్టుకుని టైట్రేషన్లు, పరీక్షనాళికలో లవణాల గుర్తింపు. ఇవి అక్కరలేదని ఎవరూ అనరు. కాని పాఠ్యపుస్తకంలో ఉన్న వర్ణపట శాస్త్రం మాత్రం చాలాచోట్ల నల్లబోర్డు దాటి రావడం లేదు.

పదార్థంపై కాంతి పడితే అది ఏ రంగులు మింగుతున్నదో, ఏవి విడుస్తున్నదో చూసి అదేమిటో చెప్పే విద్య ఇది. 1928లో సి.వి. రామన్ గారు కలకత్తాలో కనుగొన్న ఫలితం కూడా ఇందులోదే. ఆయన వద్ద పనిచేసిన మన సూరి భగవంతం గారు 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడే వాల్తేరులో రంగధామరావు గారు ఈ శాస్త్రానికి పేరుపొందిన పరిశోధనశాల నడిపారు. కనుక ఇది మనకు కొత్త విద్య కాదు.

చెదిరిన కాంతిలో ఏ కోటికో ఒక పాలు మాత్రమే రంగు మారుతుంది. ఆనాడు పాదరస దీపంతో దానిని పట్టడానికి ఎంతో ఓపిక కావలసి వచ్చేది. 1960లో లేజరు పుట్టాక పని సులువైంది. నేడు మందుల కంపెనీల్లో పారదర్శకమైన సంచి విప్పకుండానే ముడిసరుకు ఏదో చేతి లేజరు యంత్రంతో తేల్చేస్తున్నారు. అక్కడ ఉద్యోగానికి పోయే మన కుర్రవాడు దానిని మొదటిసారి చూసేది ఇంటర్వ్యూ నాడా?

యంత్రాలకు లక్షలవుతాయంటారు. నిజమే. అందుకే జిల్లాకు ఒకటి కొని కాలేజీలు వంతులవారీగా వాడుకోవాలి. ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఆకు నూరి స్పిరిట్‌లో వడగట్టి, చీకటి గదిలో ఊదారంగు లేజరు పోనిస్తే పచ్చని ద్రవం ఎర్రగా వెలుగుతుంది. అది పత్రహరితం గుర్తు. అట్టపెట్టెకు సన్నని చీలిక పెట్టి, లోపల పాత సి.డి. ముక్క అమర్చి చూస్తే ఆ వెలుగులోని రంగులు విడివిడిగా కనబడతాయి. అయితే లేజరు కంటికి చేటు. తగిన కళ్లద్దాలు, పక్కన అధ్యాపకుడు తప్పనిసరి. తిరునాళ్లలో అమ్మే లేజర్లు ఎంత శక్తిగలవో నమ్మకం లేదు, వాటిని కాలేజీకి తేరాదు.

ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం. ఆ రోజు ఉపన్యాసాలతో సరిపెట్టక, ప్రిన్సిపాళ్లు ఈ ప్రయోగం చేయించి తల్లిదండ్రులను కూడా పిలవాలి. ఆకులు మన చేల నుంచే తెచ్చిస్తాం.