రాత్రి ప్రయోగశాల ఎవరిది?

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీ ఫిజిక్సు లాబ్‌లో ఒక నియమం ఉండేది. సాయంత్రం ఆరు కాగానే ఆడపిల్లలం హాస్టలుకి వెళ్ళిపోవాలి. మగపిల్లలు మాత్రం ఉండి ప్రయోగం పూర్తి చేసేవారు. మర్నాడు వాళ్ళ రీడింగులు చూసి మేం రికార్డులు నింపుకునేవాళ్ళం. దస్తూరీ బాగుంటుందని మాకు మంచి మార్కులే పడేవి. కానీ ఆ కొలతలు మావి కావు.

ఈజిప్టు భౌతిక శాస్త్రవేత్త గిహాన్ కామెల్ గురించి చదువుతుంటే ఆ లాబ్ గుర్తొచ్చింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కి కొద్ది దూరంలో సెసేమీ అనే సింక్రోట్రాన్ కేంద్రం ఉంది. యునెస్కో అండతో ఏర్పడిన ఈ కేంద్రం 2017 మేలో ప్రారంభమైంది. ఎదురుపడితే పలకరించుకోని ఇరాన్, ఇజ్రాయెల్ ప్రభుత్వాలు కూడా ఇందులో సభ్యులుగా చేరాయి. 133 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతాయి. అయస్కాంతాలు వాటి దారిని వంచినచోట తీవ్రమైన కాంతి వెలువడుతుంది. అందులోని పరారుణ కాంతితో కణజాలాన్ని చెడగొట్టకుండానే దానిలోని ప్రోటీన్లు, కొవ్వుల తీరు తెలుసుకోవచ్చు. ఆ పరారుణ విభాగం బాధ్యత కామెల్‌ది. అక్కడి శాస్త్రవేత్తల బృందంలో కొన్నేళ్ళపాటు ఆమె ఒక్కరే స్త్రీ.

ఆ 'ఒక్కరే' అన్న మాటను మనం పొగడ్తగా తీసుకోవద్దు. ఒక స్త్రీ గొప్పతనం కన్నా, రాలేకపోయిన వారి లెక్కే అందులో ఎక్కువగా కనబడుతుంది. ఇలాంటి కేంద్రాల్లో పరిశోధకులకు దొరికే సమయం కొద్ది రోజులే. కాంతి ఉన్నంతసేపూ రాత్రీ పగలూ వంతులు వేసుకుని పనిచేయాలి. పసిబిడ్డ ఉన్న తల్లి, చీకటిపడితే ఇంటికి జవాబు చెప్పుకోవలసిన అమ్మాయి ఆ వంతుకి ఎలా వస్తుంది?

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ స్త్రీలను రాత్రిపూట పనికి పెట్టకూడదంది. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ సెక్షన్ ఫ్యాక్టరీలకే చెందినా, దాని వెనకున్న ఆలోచనే మా లాబ్ తలుపులూ మూసింది. రక్షణ పేరుతో మనల్ని ఇంటికి పంపారు గాని, దారిని మాత్రం భద్రంగా చేయలేదు.

అయితే నిషేధం ఎత్తేస్తే చాలని నేననుకోను. బస్సు, విశ్రాంతి గది, పిల్లల సంరక్షణ కేంద్రం, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ - ఇవేవీ లేకుండా రాత్రిపని ఇవ్వడం హక్కు ఇవ్వడం కాదు, భారం మోపడం. కాదనే స్వేచ్ఛ కూడా ఉంటేనే అది హక్కు.

ఇండోర్‌లో మనకూ ఇండస్-2 ఉంది. దాని శక్తి కూడా సెసేమీ లాగే 2.5 జీఈవీ. మన విశ్వవిద్యాలయాల నుంచి అక్కడికి ఎందరు అమ్మాయిలు వెళ్తున్నారు? వెళ్ళినవారిలో ఎందరు రాత్రి వంతులో కూర్చుంటున్నారు? మీ ఊరి కాలేజీలో లాబ్ ఎన్నింటికి మూస్తారు, ఎవరికి మూస్తారు? అడిగి మాకు రాయండి. మన రికార్డుల్లో మన రీడింగులే ఉండాలి.